యాడ్-లిబ్బంటే యాడనుకున్న

నవ్వాలనుకుంటె ఇప్పుడే నవ్వుండ్రి. ఆఖరికొచ్చేసరికి మీకు నా మీద జాలి పుట్టే ప్రమాదం ఉన్నది. ఒక్క మాటకు అర్థం అడగనందుకు దేవుని పాట అంగడి పాలైంది, ఒక పెద్దమనిషి కుర్చీల నుంచి లేచి చెప్పులు ఎతుక్కున్నడు, సొంత చిన్నమ్మ నడి స్టేజీ మీద నా పరువు తీసి తోరణం కట్టింది. భూకంపం వచ్చినా ఇంత నష్టం కాకపోవు. భూకంపం చేతుల మైకు ఉండదు కద.

మాది లాల్‌దర్వాజా. పేరు సత్తయ్య, గల్లీల మాత్రం సత్తిగాడు. ఏడో క్లాసుల బడి నన్ను ఇడిచిపెట్టింది, మా ఇద్దరి ఆరోగ్యం బాగుపడ్డది. చదువేస్తె ఉన్న మతి పోయిందంటరు. నాది చదువు ఎయ్యకముందే పోయింది, అంత ఫాస్టు. నా పని ఆటోల కూసోని మైకుల అరుసుడు. చీరలు, చెప్పులు, స్టీలు సామాన్లు, ఏ దుకాణపోళ్ళు పిలిస్తె వాళ్ళ సరుకు గురించి పాతబస్తీ గల్లీలల్ల తెలుగుల ఒకసారి, ఉర్దూల ఒకసారి అరుస్త. గోవింద్ సేటు గాజుల దుకాణం మూసేస్తుండ్రు, ఆఖరి మూడు రోజులే అని నేను నాలుగేండ్ల సంది అరుస్తున్న. సేటు మొన్ననే పక్క మడిగె గూడ కొన్నడు.

ఇగ మా చిన్నమ్మ. అంజమ్మ అంటరు, మా అమ్మకు సొంత చెల్లె. నాలుగు బర్రెలు, ఒక కొట్టం. తెల్లారంగ పాలు పిండుకుంట పాట పాడుతది. గొంతు ఎట్లుంటదంటె, పొద్దుగాల్ల గిన్నె పట్టుకోని పాలకొచ్చినోళ్ళు గిన్నె నిండినా ఇంటికి పోరు. అట్ల ముప్పై ఏండ్లు పాడింది, ఒక్కసారి గూడ ఒక్క మైకు ముంగట నిలబడలే. టికెట్టు పైసలిచ్చి విన్నది బర్రెలే, పాల రూపంల.

ఒకనాడు పాలకొచ్చిన రఫీక్ భాయ్ ఆ పాట విని కొట్టం కాడ నిలబడ్డడు. రఫీక్ భాయ్ కీబోర్డు వాయిస్తడు. పాతబస్తీల నికా అయినా పెండ్లయినా ఆర్కెస్ట్రా అంటె ఆయనే. "అమ్మా, ఈసారి బోనాలకు మీ గల్లీ స్టేజీ మీద ఈ పాట పాడాలె. మలక్‌పేటల నాకు తెలిసిన స్టూడియో సారున్నడు, పిలిపిస్త. ఆయనకు నచ్చితె రికార్డు జేస్తడు" అన్నడు.

"నచ్చకుంటె?" అన్నది చిన్నమ్మ.

"నచ్చకుంటె మల్ల ఎవ్వల్ని పిలిచే తాకత్ నాకు లేదమ్మా. ఒక్కటే చాన్సు."

చిన్నమ్మ ఆ దినం పాలల్ల చెయ్యి పెట్టి మర్చిపోయింది. తర్వాత మెల్లగ అన్నది, "పాడుత గని, స్టేజీ అంటె నాకు కాళ్ళు వణుకుతయి. మా సత్తిగాడు పక్కపొంటి నిలబడితెనే పాడుత. వానికి మైకంటె భయం లేదు."

చూసిండ్రా, ఎంత నమ్మకమో. పిచ్చోని చేతుల రాయి అంటరు గని, సత్తిగాని చేతుల మైకు అనే సామెత అప్పటికి ఇంక పుట్టలే. పుట్టడానికి పది దినాలే టైమున్నది.

రఫీక్ భాయ్ నన్ను ఇంటికి పిలిచి, చాయ్ పోసి, కీబోర్డు ముంగట కూసోబెట్టిండు.

"సత్తీ, నువ్వు పాట పాడొద్దు."

"ఎందుకు భాయ్?"

"నీ గొంతు విన్న గదా."

"మరి నేనేం జెయ్యాలె?"

"పాటల నాలుగు ఖాళీ జాగలు పెట్టిన. అమ్మ దమ్ము తీసుకుంటది, అప్పుడు నువ్వు యాడ్-లిబ్స్ ఎయ్యాలె. సమజైందా?"

గీడ ఒక్క నిమిషం ఆగుండ్రి. ప్రపంచంల సగం లొల్లి ఈ 'సమజైందా' అన్న ప్రశ్న కాడనే మొదలైతది. 'తెల్వదు భాయ్' అంటె అయిపోతుండె. మూడే అక్షరాలు. ఏడో క్లాసు దాకా చదివినోనికి మూడక్షరాలు బరువేం గాదు. గని ఆ మాట నా నాలుక కొస దాక వచ్చి, కింద చూసి, ఎత్తు ఎక్కువున్నదని ఎనుకకు పోయింది. అడగందే అమ్మైనా అన్నం పెట్టదంటరు. అడగకుంటె ఇంగ్లీషు గూడ అర్థం పెట్టదు.

"మస్తు సమజైంది" అన్న.

"నీకు ముందుగాల్నే అలవాటు ఉన్నదా?"

"ఏం మాట్లాడుతున్నవ్ భాయ్! రోజూ ఆటోల చేసేది గదే గద! పదిహేనేండ్ల సర్వీసు."

రఫీక్ భాయ్ కండ్లు పెద్దగైనయి. "అచ్ఛా! నువ్వు ఆటోల అరిచేదంతా అప్పటికప్పుడు అల్లుతవా? మాషల్లా!" నాకు ఆ పని తెలుసని ఆయన అనుకున్నడు, నా సర్వీసును చూసి ఆయన పొంగిపోతుండని నేను అనుకున్న. ఇద్దరం ఒకరినొకరు మెచ్చుకున్నం. ఇట్ల మెచ్చుకునేకాడనే కొంపలు మునుగుతయి.

ఆయన రూల్సు గూడ చెప్పిండు. "కాగితం మీద రాసుకోవద్దు. ఐదు సెకండ్లల్ల ఖతం గావాలె. జనం చూపు టక్కున నీ దిక్కు తిరగాలె. ప్రాక్టీసుకు గూడ నువ్వు రాకు. ప్రాక్టీసు జేస్తె తాజాతనం పోతది."

మీరే న్యాయం చెప్పుండ్రి. ఐదు సెకండ్లు, రాసుకోకుంట చెప్పుడు, జనం చూపు తిప్పుడు. అది యాడ్ గాక ఇంకేంది? 'లిబ్' కాడ జర అనుమానం వచ్చింది. ఇంటికి పోయి అమ్మనడిగిన.

"అమ్మా, లిబ్బు అంటె ఏందే?"

"లిబ్బి గాదురా? భూమిల పాతిపెట్టిన ధనం బిడ్డా. లిబ్బి దొరికినట్టు అంటరు చూడు."

ఇగ అనుమానం పోయింది. యాడ్, లిబ్బి. యాడుల నుంచి దొరికే లిబ్బి! ఇంగ్లీషోళ్ళు గూడ మనోళ్ళ లెక్కనే ఆలోచిస్తరని మస్తు సంబురమైంది.

తెల్లారి గోవింద్ సేటు దుకాణానికి పోయిన. సేటు గద్దె మీద కూసోని గాజులు తుడుస్తున్నడు.

"సేటూ, బోనాల పాటల నాలుగు యాడ్‌లు నా చేతుల ఉన్నయి. ఒకటి మీకిద్దామనుకుంటున్న."

"దేవుని పాటల నా దుకాణం పేరా? తప్పు గాదా?"

"ఏం తప్పు సేటూ? తోరణాల మీద లీడర్ల ఫోటోలు ఉంటలేవా? అమ్మవారి కంటె లీడరు మీసం పెద్దగుంటది. అండ్ల తప్పు లేదు, మీ గాజులల్ల ఉన్నదా?"

సేటు ఆలోచించిండు. "పుణ్యమా, ప్రచారమా?"

"రెండూ. ఒకటి కొంటె ఒకటి."

సేటు మా అమ్మకని ఒక డజను గాజులు చేతుల పెట్టిండు. రెండో జాగ యూసుఫ్ భాయ్ చికెన్ సెంటర్‌కు పోయింది, ఆ వారం మా ఇంట్ల అన్నీ లెగ్ పీసులే. మూడోది పరుపుల రాజన్నకు, ఆయన తల కింద పెట్టుకునే రెండు మెత్తలు ఇచ్చిండు. ఇగ నాలుగోది. ఇది చెప్పాల్నంటె ఇప్పటికీ సిగ్గైతది.

నాలుగోది ప్యాకెట్ పాల నర్సింగుకు ఇచ్చిన. నర్సింగు దుకాణం సక్కగ చిన్నమ్మ కొట్టానికి ఎదురుంగ ఉంటది. ఆ దుకాణం తెరిచిన సంది చిన్నమ్మ కాడికి వచ్చే గిన్నెలు సగమైనయి. అది నాకు తెల్వదా? తెలుసు. మరెందుకు ఇచ్చినవురా అంటరా? పెద్ద పన్నీరు ముక్క చేతుల పెట్టిండు. ఒక్కొక్క మనిషికి ఒక్కొక్క బలహీనత ఉంటది. నాది తెల్లగ, మెత్తగ ఉంటది.

బోనాల ఆదివారం వచ్చింది. పగటీలి టైము. గల్లీ నిండ యాపమండలు, పసుపు, మైకులు. స్టేజీ ముంగట మొదటి వరసల ప్లాస్టిక్ కుర్చీల స్టూడియో సారు కూసున్నడు. తెల్లంగి, మెడల కండ్లద్దాలు, ముఖంల ఏ భావం లేదు. ఇన్ని పాటలు విన్న మనిషికి ముఖం అట్లనే అయితదేమో.

చిన్నమ్మ ఆకుపచ్చ చీర కట్టుకున్నది. నా చెయ్యి పట్టుకోని అన్నది, "సత్తీ, ఆ సారు ముఖం చూస్తె భయమైతున్నదిరా. నేను తప్పు పాడితె నువ్వు కాపాడాలె."

"నువ్వు ఫికర్ జెయ్యకు చిన్నమ్మా. నేనున్న గద."

నేనుండుడే ఫికరని ఆమెకు ఏం తెలుసు.

డప్పులు మోగినయి. రఫీక్ భాయ్ కీబోర్డు అందుకున్నడు. చిన్నమ్మ కండ్లు మూసుకోని ఎత్తుకున్నది.

"మబ్బు పట్టె మాయమ్మా, మా వాడకు రాయమ్మా
పాలు పొంగినట్టు మేము బోనమెత్తినామమ్మా..."

గల్లీ మొత్తం గప్‌చుప్. మేడల మీద బట్టలు ఆరేసేటోళ్ళు బట్టలు పట్టుకోని అట్లనే నిలబడ్డరు. స్టూడియో సారు కండ్లద్దాలు పెట్టుకోని ముందుకు వంగిండు. రెండో చరణం ఎత్తుకున్నది.

"చేతినిండ పసుపు రాసి చెంత నిలిచినామమ్మా..."

చిన్నమ్మ దమ్ము తీసుకున్నది. ఖాళీ జాగ! రఫీక్ భాయ్ నా దిక్కు చూసి తల ఊపిండు. నేను మైకు నోటి కాడికి తెచ్చిన.

"చేతినిండ గాజులకు గోవింద్ సేటు దుకాణం! మట్టి గాజులు, రాళ్ళ గాజులు, ఆఖరి మూడు రోజులే!"

కీబోర్డు మీద రఫీక్ భాయ్ వేళ్ళు జారి ఏదో కొత్త రాగం పుట్టింది. జనంల ఒకరిద్దరు కిసుక్కుమన్నరు. నేను అది సక్సెస్ అనుకున్న. చిన్నమ్మ ఒక్క కన్ను తెరిచి నన్ను చూసి మల్ల మూసుకున్నది. పాట ఆపలే.

"కోడిపుంజు తెస్తిమమ్మా, కొండంత నిన్ను మొక్కి..."

"కోడిపుంజులకు యూసుఫ్ భాయ్ చికెన్ సెంటర్! స్కిన్‌తోని గూడ, స్కిన్ లేకుంట గూడ!"

గల్లీ పగిలింది నవ్వులతోని. పోతరాజు వేషగాడు కొరడా కింద పెట్టి కడుపు పట్టుకున్నడు. రఫీక్ భాయ్ ఒక చెయ్యితోని వాయించుకుంట ఇంకో చెయ్యితోని నాకు సైగ చేస్తున్నడు. గొంతు మీద అడ్డంగ వేలు గీస్తున్నడు. కోడి కొయ్యమంటుండేమో, యాడ్ మస్తు నచ్చింది పాపం అనుకున్న. స్టూడియో సారు కండ్లద్దాలు తీసిండు. చిన్నమ్మ అది చూసింది.

"నిన్ను సాగనంపెదాక నిద్రపోము తల్లీ..."

"నిద్రపోవాల్నంటె రాజన్న దూది పరుపులు! పండుకుంటె లేవరు!"

ఎవ్వలు లేవకున్నా స్టూడియో సారు మాత్రం లేచిండు. వంగి కుర్చీ కింద చెప్పులు ఎతుకుతున్నడు. అప్పుడైనా నాకు బుద్ధి రావాలె. రాలే. నా మనసుల ఒకటే ఫికర్: ఇంకొకటి ఉన్నది, పన్నీరు తిన్న, మాట తప్పొద్దు. చూసిండ్రా, నీతి నాకు ఎంత తప్పుడు టైముల గుర్తొస్తదో. చిన్నమ్మ దమ్ము తీసుకునుడే ఆలస్యం,

"పాలు పొంగాల్నంటె నర్సింగు ప్యాకెట్ పాలు! నీళ్ళు కలపని పాలు, పేడ వాసన లేని పాలు!"

ఈసారి ఎవ్వలు నవ్వలే.

గల్లీల అందరికి తెలుసు ఆ కొట్టం ఎవలిదో, ఆ పేడ ఎవలిదో. డప్పులు ఆగినయి. కీబోర్డు ఆగింది. నర్సింగు గూడ తన దుకాణం అరుగు మీద తల దించుకున్నడు. చిన్నమ్మ మైకు పట్టుకోని నన్ను చూస్తున్నది. ముప్పై ఏండ్ల పాట, ఒక్కటే చాన్సు, ఆ చాన్సు ఒక కాలికి చెప్పు తొడుక్కోని ఇంకో చెప్పు కోసం చూస్తున్నది. నాకప్పుడు సమజైంది. ఈసారి నిజంగనే.

"చిన్నమ్మా..." అన్న. మైకు ఆన్‌లనే ఉన్నది, గల్లీ మొత్తం నా ఏడుపు ఇన్నది.

చిన్నమ్మ చెంగు నడుముకు దోపింది. సారు దిక్కు చూసింది, నా దిక్కు చూసింది. కాళ్ళ వణుకుడు ఆగిపోయింది. ఒక కాలుతోని స్టేజీ మీద దెబ్బేసి, అదే బాణిల, పాటలనే, ఎత్తుకున్నది.

"పాలల్ల నీళ్ళు నేను కలపలేదు తల్లి సాక్షి
పాటల్ల నీళ్ళు కలిపినోడు మా అక్క కొడుకు సత్తిగాడు!"

గల్లీ అరిసిన అరుపుకు పావురాలన్నీ ఒక్కసారే లేచినయి. డప్పులోళ్ళు "సత్తిగాడు! సత్తిగాడు!" అని దరువు అందుకున్నరు. చిన్నమ్మ ఆగుతదా?

"గాజులకు గంతులేసె, కోడికాలు చీకుకుంట
మెత్త మీద పండుకోని మతి మరిసె సత్తిగాడు!
తప్పు జేసెనే తల్లీ, దండమింక పెట్టలేదు
తల నిండ మట్టి ఉన్న మా కొడుకసొంటి సత్తిగాడు!"

నా నోట్లకెల్లి, నేను పిలవకుంటనే, "హోయ్!" అని ఒక అరుపు ఎల్లింది. రెండు చేతులెత్తి అమ్మవారికి దండం పెట్టిన, చిన్నమ్మకు ఒకటి పెట్టిన. ఆమె పాట ఆపకుంటనే నా నెత్తి మీద ఒక్కటి ఇచ్చి, మల్ల అసలు చరణంలకు దిగింది. ఎట్ల దిగిందో రఫీక్ భాయ్‌కి గూడ తెల్వలే, ఎనుక ఉరుక్కుంట పోయి కీబోర్డుతోని అందుకున్నడు. స్టూడియో సారు ఒక్క చెప్పు మీద నిలబడి చప్పట్లు కొడుతున్నడు.

పాట అయినంక రఫీక్ భాయ్ స్టేజీ ఎనుక నా కాలర్ పట్టుకున్నడు.

"అరే బేవకూఫ్! దుకాణాల పేర్లు చెప్పుమని ఎవలు చెప్పిండ్రురా నీకు?"

"నువ్వే గద భాయ్! యాడ్ అంటివి, లిబ్బి అంటివి..."

"లిబ్బి ఏందిరా? యాడ్-లిబ్బంటె ముందుగాల అనుకోకుంట, ఆ గడియల మనసుల ఏది ఊరితె అది అనుడురా! హోయ్, అరెరె, జై అమ్మా, గట్ల!"

"మరి గా ముక్క తెలుగుల చెప్పొచ్చు గద?"

"నువ్వు తెలుగుల అడగొచ్చు గద?"

చిన్నమ్మ చెంబుతోని నీళ్ళు తాగి మూతి తుడుచుకున్నది. రఫీక్ భాయ్ ఆమెకు రెండు చేతులెత్తి సలాం కొట్టిండు.

"అమ్మా, నేను ఇరవై ఏండ్ల సంది వాయిస్తున్న. ఇసొంటి యాడ్-లిబ్ చూడలే. ఏడ నేర్చుకున్నవ్?"

"గదేందో నాకు తెల్వదయ్యా. పాలు పిండేటప్పుడు బర్రె తన్నుతది. తన్నిందని పాట ఆపితె, అది చేపు ఎగ్గొడ్తది, పాలు ఇడువది. తన్నును తప్పిచ్చుకోవాలె, ఆ తన్నును పాటలనే తిట్టాలె, చెయ్యి మాత్రం ఆగొద్దు. ఇయ్యాల గూడ గంతే." నా దిక్కు చూసింది. "బర్రె వేరు, గంతే."

అంతల స్టూడియో సారు రెండు కాళ్ళకు చెప్పులతోని వచ్చిండు. "అంజమ్మా, వచ్చే వారం రికార్డింగు. ఒక్కటే కండిషను. ఆ సత్తిగాడి చరణం ఉండాలె. ఒక్క అక్షరం మారొద్దు."

నా పానం లేచొచ్చింది. "మరి నేను గూడ రావాల్నా సార్?"

"నువ్వు రావద్దు నాయనా. నీ పేరు చాలు."

పాట బయటికొచ్చింది. ఫోన్లల్ల పాకింది, డీజే బండ్లెక్కింది. ఇప్పుడు ఏ ఆషాఢంల ఏ గల్లీల చూడుండ్రి, చిన్నమ్మ గొంతు, నా పరువు, జోడెడ్ల లెక్క కలిసే పోతయి. చిన్నమ్మ కొట్టం కాడ గిన్నెల లైను నర్సింగు దుకాణం దాకా పోయింది. ఆయన గూడ ఇంటికి పాలు ఆడ్నే తీసుకుంటుండు. నేను ఆటోల మైకు పట్టుకుంటె చీరల గురించి వినేటోడు లేడు, "ముందుగాల ఆ చరణం చెప్పన్నా" అంటరు.

ఇదంతా ఓర్చుకున్న. మలక్‌పేట సంబంధం వచ్చింది. పెండ్లిచూపులల్ల పిల్ల నాయిన అడిగిండు, "మీ గల్లీ పాటేనట గదా అల్లుడూ, ఆ సత్తిగాడు ఎవడో నీకు తెలుసా?" నేను పేరు సత్యనారాయణ అని చెప్పి ఉంటి. "దూరపు సుట్టం మామా. పెద్దగ రాకపోకలు లేవు" అన్న.

పెండ్లి బారాత్‌ల డీజేవాడు ఆ పాటనే పెట్టిండు. డప్పులోళ్ళు "సత్తిగాడు" అన్నప్పుడల్లా మా సుట్టాలు, నలభై మంది, ఒక్కసారే నా దిక్కు ఏలు చూపిచ్చి ఎగురుతుండ్రు. ముంగట చిన్నమ్మ, పట్టుచీరల. పెండ్లిపిల్ల కారుల నా పక్కన కూసోని కాసేపు చూసింది. తర్వాత మెల్లగ అడిగింది.

"ఏమయ్యా, ఆ దూరపు సుట్టం ఎంత దూరం?"

"ఇగో," అన్న, "నీ మోచెయ్యి తగిలేంత."

అందుకని, ఇందుమూలముగ పాతబస్తీ ప్రజలందరికి తెలియజేయునది ఏమనగా: సత్తయ్య అనే నేను ఇకమీదట అర్థం తెల్వని మాటకు తల ఊప. పాటల ఖాళీ జాగ కనబడితె, అది దేవుడు కావాలని ఖాళీగ పెట్టిన జాగ అనుకోని దూరం నుంచే మొక్కుత. నోరు మరీ దురద పెడితె 'హోయ్' అంట. అంతకు మించి ఒక్క అక్షరం అన్ననా, ఇంకో చరణం కట్టే హక్కు మా చిన్నమ్మకు ఉన్నది. ఆమె ఇప్పటికే కట్టి పెట్టుకున్నదని మా అమ్మ చెప్పుతున్నది.